కాగితానికీ పాపిడి ఉంటుంది

బుజ్జి తల్లీ, ఈ ఉత్తరం నీతో కలిసి చదివే మిగతా పిల్లలూ,

నువ్వు చేసి పంపిన క్రిస్మస్ నక్షత్రం నిన్న అందింది. లోపల పెట్టిన చీటీ కూడా చదివాను. "తాతయ్యా, ఎంత జాగ్రత్తగా మడిచినా కొన్ని మడతలు పగిలి, ఎరుపు కింద తెల్లగా కనిపిస్తోంది. తప్పు నాదా, అట్టదా?" అని అడిగావు.

అట్టది కాదు. నీదీ కాదు, ఎవరూ చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది?

అమ్మ నీకు తల దువ్వడం గుర్తు తెచ్చుకో. దువ్విన వైపే పాపిడి తీస్తే జుట్టు చక్కగా రెండుగా విడిపోతుంది. అడ్డంగా తీయబోతే వెంట్రుకలు ఎదురు తిరుగుతాయి. కాగితమూ అంతే. అది సన్నని పీచుల గుజ్జు. మిల్లులో ఆ గుజ్జును పరుగెత్తే జల్లెడ మీద పోస్తారు. నీరు కారిపోతుంటే పీచులు ఎక్కువ భాగం జల్లెడ పరుగెత్తే వైపే పడుకుంటాయి. అదే దువ్వడం! మడత గీత ఆ వైపే వచ్చేలా మడిస్తే పీచులు పక్కకు తప్పుకుంటాయి. అడ్డంగా మడిస్తే విరుగుతాయి, పైనున్న రంగు పొర కూడా వాటితో పాటు చిట్లుతుంది. చేత్తో తయారుచేసిన కాగితానికి ఈ గొడవ తక్కువ. దానిది దువ్వని చింపిరి జుట్టు, పీచులు అన్ని వైపులా ఉంటాయి.

పాపిడి ఎటుందో కనుక్కోవడం తేలికే. స్టాంపంత ముక్క కత్తిరించి ఒక వైపే తడి చెయ్యి. గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటుంటే పీచులు అటు. తడిస్తే పీచు లావవుతుంది గానీ పొడవు పెద్దగా పెరగదు, అందుకే అలా చుట్టుకుంటుంది. (ఇక్కడ జుట్టు పోలిక సరిగా కుదరడం లేదు. అయినా వదలబుద్ధి కావడం లేదు.)

నక్షత్రానికి మడతలు నాలుగు వైపులా వస్తాయి కాబట్టి అన్నీ పాపిడి వెంట రావు. పొడవాటి మడతల్ని అటు ఉంచు. మిగతావాటి మీద ఇంకు అయిపోయిన పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా గీత లాగి, తర్వాత మడత పెట్టు.

నీ వయసులో నేనూ ఒకటి చేశాను, పాత క్యాలెండర్ అట్టతో, పక్కింటి పెద్దావిడ కోసం. ప్రతి మొనా పగిలింది. సిగ్గేసి పగుళ్ల మీద సిరా పూశాను. నా వేళ్లన్నీ నీలం. ఆవిడ నా వేళ్లు చూసింది, నక్షత్రం చూసింది, ఏమీ అనకుండా కిటికీకి కట్టింది. కొన్నేళ్లకి సిరా వెలిసిపోయి పగుళ్లు మళ్లీ తెల్లగా తేలాయి. అప్పటికీ అది అక్కడే వేలాడుతోంది. కానుక ఇచ్చాక దాని లోపాలు మన సొంతం కావమ్మా, వాటిని కప్పిపుచ్చే టెన్షన్ పెట్టుకోకు.

ఈసారి డెన్మార్క్ వాళ్లు రెండు రంగుల కాగితాలు అల్లి చేసే గుండె బొమ్మ చేసి చూడు. ఇప్పటికీ మిగిలి ఉన్నవాటిలో చాలా పాతది 1860 ప్రాంతంలో పిల్లల కథలు రాసిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ చేసినదట. కథ చెబుతూనే పెద్ద కత్తెరతో బొమ్మలు కత్తిరించేవాడాయన. రెండు రంగుల ముక్కల్ని సగానికి మడిచి, మడత వైపు నుంచి చీలికలు వెయ్యాలి. వెడల్పు 6 సెంటీమీటర్లయితే చీలిక ఆరున్నర ఉండాలి, లేకపోతే చివరి పట్టీ ఇరుక్కుంటుంది. జడలా పైనుంచి, కిందనుంచి అల్లబోకు. ఒక పట్టీని ఎదుటి పట్టీ లోపలి నుంచి దూర్చు, ఆ తర్వాతి ఎదుటి పట్టీ చుట్టూ అదే పట్టీని తొడుగు. సరిగ్గా వస్తే గుండె చిన్న సంచిలా తెరుచుకుంటుంది, అందులో చీటీ పెట్టి ఇవ్వొచ్చు. చదునైన రెండు ముక్కలకి కడుపు ఎలా వచ్చిందో చెప్పమని మాత్రం నన్నడక్కు. చేసినప్పుడల్లా నాకూ వింతగానే ఉంటుంది.

ముందు ఒక పాత న్యూస్ పేపర్ తెచ్చుకో. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపు. ఏది గీత గీసినట్టు వచ్చిందో, ఏది వంకరలు పోయిందో నాకు రాయి.

నీ తాతయ్య