రైలు రాని ఊరు అంటారు కానీ...

2020 జనాభా లెక్కల్లో నికోడెమస్‌లో తేలిన జనం 14 మంది. మన దగ్గర పెళ్లిచూపులకి వెళ్లే బృందం కూడా ఒక్కోసారి ఇంతకంటే పెద్దదే. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, వాయవ్య మూల గ్రాహం కౌంటీలో, 24వ నంబరు హైవే పక్కన ఉంటుంది నల్లజాతివాళ్లు కట్టుకున్న ఈ ఊరు. జూలై ఆఖరి వారాంతంలో మాత్రం వందల మంది దిగుతారు. వాళ్లంతా ఇక్కడ పుట్టినవాళ్లో, పుట్టినవాళ్ల మనవలో మునిమనవలో.

ఇంత తరలివచ్చే జనం ఉన్న ఊరు ఎందుకు ఖాళీ అయిందంటే, రెడీగా దొరికే జవాబు ఒకటుంది: రైలు రాలేదు. అది అబద్ధం కాదు. కానీ సగమే నిజం.

1877లో మొదలుపెట్టాలి. అంతర్యుద్ధం ముగిసి పన్నెండేళ్లయింది. బానిసత్వం చట్టంలో పోయినా, దక్షిణాది నుంచి కేంద్ర సైన్యం వెనక్కి వెళ్లిపోవడంతో నల్లజాతివాళ్లకి అప్పటిదాకా ఉన్న కాస్త అండ కూడా పోయింది. కౌలుకి చేసిన పొలం అప్పుకే చాలేది కాదు. ఆ సమయంలో డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్లజాతి భూవ్యాపారి, డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్లజాతి పాస్టర్, ఇంకొందరు కలిసి సోలమన్ నది దక్షిణ పాయకి దగ్గర్లో కొత్త ఊరు కట్టి ప్లాట్లు అమ్మడానికి టౌన్ కంపెనీ పెట్టారు. కెంటకీ రాష్ట్రంలో కరపత్రాలు పంచారు: 5 డాలర్లు కడితే కాన్సస్ రావచ్చని. ఊరు ఇంకా కాగితం మీదే ఉంది. ప్లాట్లు అమ్ముడైపోతున్నాయి. రియల్ ఎస్టేట్ బ్రోచర్ చూసినవాళ్లెవరికీ ఇందులో కొత్తేమీ కనిపించదు.

ఊరి పేరు బైబిల్లో రాత్రివేళ యేసు దగ్గరికి వెళ్లిన నీకొదేముది అని కొందరంటారు. అప్పట్లో పాటలో వినిపించిన ఒక బానిసది అని మరికొందరు. నాకు రెండోదే నమ్మబుద్ధేస్తుంది.

ఆ జూలైలో మొదటి బృందం వచ్చింది. సెప్టెంబర్‌లో కెంటకీ నుంచి 300 మందికి పైగా వచ్చారు. రైలు ఎల్లిస్ అనే ఊరి దాకే. అక్కడి నుంచి 35 మైళ్లు నడక. మరుసటి వసంతంలో వచ్చిన బృందంలో విలియానా హిక్‌మన్ అనే ఆవిడ ఉంది. అదుగో నికోడెమస్ అని తోటివాళ్లు కేకలేస్తుంటే, ఆవిడకి ఊరేదీ కనిపించలేదు. ఎక్కడ అని అడిగితే, నేలలోంచి లేస్తున్న పొగల్ని భర్త వేలితో చూపించాడు. జనం నేలలో తవ్వుకున్న గుంతల్లో కాపురముంటున్నారు. ఆవిడకి ఏడుపొచ్చేసింది. ఈ సంగతి ఆవిడే తర్వాత చెప్పుకుంది.

గుంత ఇల్లంటే ఇలా: గట్టు వాలులోకి తవ్వి, ముందువైపు రాయితోనో గడ్డివేళ్లతో బిగిసిన మట్టిపెళ్లలతోనో గోడ కట్టి, పైన కర్రలూ కంపా పరిచి మట్టి కప్పేవాళ్లు. చుట్టూ చెట్లు తక్కువ, కలప లేదు. పొయ్యిలోకి పొద్దుతిరుగుడు కాడలు, అడవిదున్నల పేడ. మూడే గుర్రాలు ఉండటంతో చాలామంది పారలతో, గడ్డపారలతో నేల తిరగేశారు. మొదటి చలికాలం తిండి కరువైనప్పుడు, వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ తెగవాళ్లు తమ దగ్గరున్న మాంసం పంచారని ఊళ్లో చెప్పుకుంటారు. యాభై, అరవై కుటుంబాలు వెనక్కి వెళ్లిపోయాయి. ఉన్నవాళ్లు ఉండిపోయి బడి, చర్చిలు, హోటల్, దుకాణాలు నిలబెట్టారు. ఇక్కడి నుంచే ఎదిగిన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచాడు.

ఇక రైలు సంగతి. 1887లో మిస్సోరి పసిఫిక్ రైలు కంపెనీ తమ ఊరికి లైను వేస్తుందని, దానికి 16,000 డాలర్లు బాండ్ల ద్వారా అప్పు తెచ్చి ఇవ్వడానికి జనం ఓటేశారు. లైను రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ అనే మరో రైలు కంపెనీ పట్టాలేసింది, కానీ నదికి అవతలి ఒడ్డున. కొద్ది మైళ్ల దూరంలో బోగ్ అనే ఊరు లేచింది. నికోడెమస్ వ్యాపారులు దుకాణాలు ఎత్తేశారు. కొందరైతే కొట్టు కట్టడాన్నే లాక్కుని బోగ్ తీసుకెళ్లారు. కథ సాధారణంగా ఇక్కడ ముగించేస్తారు.

సరే, రైలొచ్చిన బోగ్ ఇవాళ ఎంత? నూట యాభై పైచిలుకు. హిల్ పేరు పెట్టుకుని కౌంటీ కేంద్రమైన హిల్ సిటీ సుమారు 1,400. మొత్తం కౌంటీలో 1910 నాటికి 8,000 దాటిన జనం ఇప్పుడు రెండున్నర వేల లోపు. అంటే రైలు కొన్నాళ్లు నిలబెట్టింది, అంతే.

అసలు లెక్క మ్యాప్‌లో ఉంది. పశ్చిమ రేఖాంశం 100 డిగ్రీల గీతకి నికోడెమస్ అతి దగ్గర. దాన్ని దాటి పడమటికి వెళ్తే ఏటా 20 అంగుళాల వాన పడితే గొప్పే. అంతకంటే తక్కువ పడితే నీటి పారకం లేకుండా పంట నమ్మలేం. వచ్చి సాగు చేసుకునేవాళ్లకి ప్రభుత్వ భూమి ఇచ్చే 1862 హోమ్‌స్టెడ్ చట్టం ఇచ్చింది 160 ఎకరాలు. తూర్పున తడి నేలల్లో అది ఒక కుటుంబానికి ఎక్కువ, ఇక్కడి మెట్టలో చాలీచాలదు. నాగలి వెళ్లిన చోటికి వాన వస్తుందని అప్పట్లో ప్రచారం చేసినవాళ్లు కూడా ఉన్నారు. 1878లో జాన్ వెస్లీ పావెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో ఇరవై అంగుళాల సంగతి రాసి హెచ్చరించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1930ల దుమ్ము తుపాన్లతో, కరువుతో పొలాలు తేలిపోయాయి. 1935 నాటికి ఊళ్లో 76 మంది. 1953లో పోస్టాఫీసు, 1960లో బడి మూతపడ్డాయి.

ఇందులో అప్పు సంగతి కూడా కలుస్తుంది. మెట్ట రైతు నాలుగు చెడ్డ ఏళ్లు తట్టుకోవాలంటే రుణం దొరకాలి. 1920లో దేశంలో తొమ్మిది లక్షల మందికి పైగా నల్లజాతి రైతులుండేవాళ్లు. 2017 నాటికి 50 వేల లోపు. వ్యవసాయ శాఖ తమకి రుణాలివ్వడంలో వివక్ష చూపిందని నల్లజాతి రైతులు వేసిన పిగ్‌ఫర్డ్ కేసు 1999లో రాజీతో ముగిసింది. అదే ఏడాది కాన్సస్ నల్లజాతి రైతుల సంఘం కూడా పుట్టింది, నికోడెమస్‌లోనే.

1996లో ఈ ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఐదు కట్టడాలు దాని పరిధిలో ఉన్నాయి: రెండు చర్చిలు, హోటల్, బడి, టౌన్‌షిప్ హాల్. మొదట్లో ఆగస్టు 1న, 1834లో వెస్టిండీస్ బానిసలకి విముక్తి దొరికిన రోజు గుర్తుగా మొదలైన పండుగ ఇప్పుడు జూలై ఆఖరి వారాంతానికి జరిగింది. ఆ మూడు నాలుగు రోజులూ రాతి గోడల హాల్ చుట్టూ పిల్లలు పరుగెడతారు. వాళ్లలో ఏ ఒక్కరి చిరునామా కూడా సాధారణంగా నికోడెమస్ కాదు.