నాడె కన్ను, పోగు బిగువు

ఇంగ్లాండులోని లాంకషైర్ నేత మిల్లుల్లో పనిచేసినవారికి రోజూ వందలసార్లు చేయక తప్పని పని ఒకటుండేది. నాడెలో, అంటే మగ్గంలో అడ్డదారాన్ని అటూ ఇటూ మోసుకెళ్లే సాధనంలో, కొత్త కండె (దారం చుట్టిన చిన్న కడ్డీ) పెట్టాక, నాడె పక్కనున్న చిన్న కంతకు పెదవులు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చేవారు. ఆ గాలితోపాటు దారం కొస కంతలోంచి బయటికి వచ్చేది. దీనికి వారు పెట్టుకున్న పేరు ‘నాడెను ముద్దాడటం’. ఒక్కో కండె అయిదారు నిమిషాల్లో అయిపోతుందనుకుని లెక్క వేస్తే, నాలుగు మగ్గాలు చూసుకునే మనిషి పది గంటల పనిలో నాలుగు వందలసార్లకు పైగా ఇలా పీల్చవలసి వస్తుంది. నూలు పీచూ దుమ్మూ నూనె మరకలూ నోట్లోకి పోయేవి. ఒకే నాడె అనేకమంది చేతులు మారేది కనుక ఒకరి నోటి జబ్బు మరొకరికి అంటే ప్రమాదం ఉండేది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1911లో ఈ పద్ధతిని చట్టం ద్వారా నిషేధించింది. లాంకషైర్‌లో నిషేధం 1952లో గాని రాలేదు. వచ్చాక కూడా అలవాటు వెంటనే పోలేదు.

దీనికి విరుగుడు అంతకు చాలా ముందే దొరికింది కనుకనే ఈ ఆలస్యం మరింత బాధ కలిగిస్తుంది. ఇంగ్లాండులో పుట్టి అమెరికాకు వలసవెళ్లిన జేమ్స్ హెన్రీ నార్త్రాప్, మసాచుసెట్స్‌లోని హోప్‌డేల్ పట్టణంలో డ్రేపర్ సంస్థ కోసం రూపొందించిన మగ్గం 1890ల నడుమ అమ్మకానికి వచ్చింది. నాడెలో నూలు అయిపోయే వేళను ఆ మగ్గమే కనిపెట్టేది. పక్కనున్న గుండ్రటి అరలోంచి నిండు కండెను ఒక సుత్తి దెబ్బతో నాడెలోకి దించేది. ఆ దెబ్బకే ఖాళీ కండె అడుగునుంచి కింద పడిపోయేది. ఇదంతా మగ్గం ఆగకుండానే జరిగేది.

నా దృష్టిలో అసలు తెలివి నాడె కన్నులో ఉంది. మామూలు నాడెకు ఉండేది మూసుకుపోయిన కంత. దారం కొస దానిలోంచి దూరి రావలసిందే. నార్త్రాప్ నాడె కన్నుకు పైనుంచి వంపు తిరిగిన చీలిక ఉంటుంది. కొత్త కండె దారం కొస మగ్గం పక్కన ఒక చోట పట్టి ఉంచబడుతుంది. నాడె అటు దూసుకుపోగానే వెనుక సాగిన దారం చీలికలోకి జారుతుంది, తిరిగి వచ్చేటప్పుడు వంపు దాటి కన్నులో కుదురుకుంటుంది. దారం కొసను కన్నులోకి పంపే బదులు దారం నడుమ భాగాన్ని పక్కనుంచి కన్నులోకి జార్చడమే ఇందులోని కిటుకు. కేవలం ఒక చీలిక ఆకారం మనిషి నోటి పనిని తప్పించింది.

దారం ఎక్కించడం ఇలా ఒక ఆకారంతో తేలిపోయింది గాని, బిగువు అలా తేలే సమస్య కాదు. ఎక్కించడం ఒక్క క్షణం పని. బిగువును మాత్రం మగ్గం ఆడినంతసేపూ కనిపెట్టుకుని ఉండాలి. పడుగు, అంటే గుడ్డలో నిలువుగా సాగే పోగులు, వదులైతే అవి ఒకదానికొకటి అంటుకుని, నాడె పోయే దారి సరిగా తెరుచుకోదు. ఎక్కువ బిగిస్తే తెగుతాయి. ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా ఉంటే గుడ్డ మీద అడ్డచారలు పడతాయి.

సిరిసిల్లలో సాంచె అని పిలిచే మామూలు మరమగ్గాన్నే చూద్దాం. వెనుక భీము, అంటే పడుగు చుట్టిన దుంగ, ఉంటుంది. సాదా ఏర్పాటులో భీము కొసనున్న చక్రానికి తాడో గొలుసో చుట్టి, దానికి బరువు కట్టి, భీము తేలికగా తిరగకుండా ఆపుతారు. పొగరుబోతు కోడె తాడును గుంజకు రెండు చుట్లు తిప్పితే ఒక్క చేత్తో ఆపగలగడం పల్లెల్లో అందరికీ తెలిసిందే. చుట్టు పెరిగేకొద్దీ రాపిడి పట్టు కూడికలా కాక గుణకారంలా పెరుగుతుంది. తాడు, గుంజల రాపిడి గుణకం 0.25 అనుకుంటే ఒక చుట్టుకు పట్టు దాదాపు 5 రెట్లు, రెండు చుట్లకు 20 రెట్లు దాటుతుంది. భీమును ఆపేదీ ఇదే సూత్రం.

చిక్కు ఎక్కడంటే, నేత సాగేకొద్దీ భీము సన్నబడుతుంది. చక్రం మీది రాపిడి మారదు గాని, పోగు భీమును లాగే చోటు ఇరుసుకు దగ్గరవుతుంది. నిండు భీము అడ్డుకొలత 60 సెంటీమీటర్లు, ఖాళీ కర్ర 15 సెంటీమీటర్లు అయితే, బరువును ముట్టుకోకుండా వదిలేసినప్పుడు చివరికి పోగు మీద బిగువు 4 రెట్లవుతుంది. అందుకే పనివాడు మధ్యమధ్యలో పడుగును అరచేత్తో నొక్కి చూసి బరువును జరుపుతాడు. ఆ అరచేతి అంచనాకు ఏళ్ల అనుభవం కావాలి.

నేటి మగ్గంలో ఆ అరచేతి పని వెనుక దూలానిది. పడుగు దాని మీదుగా వంగి వస్తుంది. పోగులు దాన్ని ఎంత బలంగా నొక్కుతున్నాయో బరువు కొలిచే పరికరం ఒకటి కొలుస్తుంటే, ఆ లెక్కను బట్టి మోటారు భీమును రవ్వంత ఎక్కువగానో తక్కువగానో తిప్పుతుంది. అయితే పడుగు తెరుచుకున్న ప్రతిసారీ, పన్నె (దువ్వెనలాంటి పట్టీ) పేకను (అడ్డదారాన్ని) కొట్టిన ప్రతిసారీ బిగువు ఎగిరి పడుతూనే ఉంటుంది. మోటారు ప్రతి కుదుపుకూ స్పందిస్తే గుడ్డ పాడవుతుంది కాబట్టి అది సగటును మాత్రమే అనుసరిస్తుంది. కుదుపులను కాస్త ఊగే ఆ వెనుక దూలమే మింగేస్తుంది.

పేక సంగతి ఇంకా కఠినం. గాలితో పేకను పంపే ఎయిర్‌జెట్ మగ్గాలకు నాడే ఉండదు. 190 సెంటీమీటర్ల వెడల్పున్న మగ్గం నిమిషానికి 1000 పేకలు వేస్తుంటే ఒక్కో పేకకు దక్కేది సెకనులో వెయ్యింట 60 వంతులు మాత్రమే. అందులో ప్రయాణానికి సగం అనుకుంటే, దారం గంటకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోవాలి. ఆ వేగంలో ఉన్న దారాన్ని చివర్లో ఠక్కున ఆపితే బిగువు ఒక్కసారిగా పెరిగి దారం తెగవచ్చు. అందుకని సరిగ్గా ఆగబోయే ముందు ఒక చిన్న మీట దారాన్ని వంకరగా వంచుతుంది. ఆ వంపుల దగ్గర పుట్టే రాపిడి, మన గుంజ చుట్టులాగే, దారం వేగాన్ని మెల్లగా లాగేస్తుంది. పెద్ద దారపు ఉండ నుంచి నేరుగా ఆ వేగంతో లాగితే దారం తట్టుకోలేదు కనుక, ముందుగా కొన్ని చుట్లు ఒక డ్రమ్ము మీద చుట్టి నిల్వ ఉంచుతారు. ఆ డ్రమ్ములోంచి, గొట్టాల్లోంచి దారాన్ని ఎక్కించేది కూడా గాలే. లాంకషైర్ పనివారు ఊపిరితో చేసినదాన్ని ఇప్పుడు గాలిపంపు చేస్తోంది.

పేక అవతలి అంచుకు చేరకపోతే అక్కడున్న సెన్సర్ మగ్గాన్ని ఆపుతుంది. కొన్ని మగ్గాలు చెడిన పేకను వాటంతట అవే బయటికి లాగేసి నేత కొనసాగిస్తాయి. ఇక్కడే అన్నింటికన్నా సున్నితమైన చిక్కు ఎదురవుతుంది. మగ్గం ఆగి ఉన్న కాసేపట్లోనే, లాగిపెట్టిన పోగులు నెమ్మదిగా సాగి బిగువు కోల్పోతాయి. అలాగే మొదలుపెడితే ఆ చోట పేకల ఎడం మారి, గుడ్డ మీద సన్నని గీత మిగిలిపోతుంది. దాన్ని తప్పించడానికి, ఎంతసేపు ఆగిందో లెక్క చూసుకుని, మగ్గం మళ్లీ కదలబోయే ముందు మోటారు భీమును వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, పడుగును ఆగకముందున్న బిగువుకు తెస్తుంది.