నేషనల్ ఫారెస్ట్ పాసులు, పర్మిట్లు: ట్రయిల్‌హెడ్ దగ్గర ప్రతి వారం వినే అపోహలు

వేసవి శనివారాల్లో పొద్దున్నే ఏడింటికల్లా వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ కొండల్లో ఏదో ఒక ట్రయిల్‌హెడ్ (కాలిబాట మొదలయ్యే చోటు) దగ్గర ఉంటాను. వచ్చినవాళ్లకి దారి చెప్పడం, నీళ్లు సరిపడా తెచ్చుకున్నారా అని అడగడం, పాసులు, పర్మిట్ల సంగతి వివరించడం వాలంటీరుగా నా పని. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వైపు నుంచి మనవాళ్లు బాగా వస్తారు కాబట్టి రోజులో సగం మాటలు తెలుగులోనే నడుస్తాయి.

పోయిన జూలైలో ఒక కుటుంబం హైక్ ముగించుకుని సాయంత్రం దిగి వచ్చేసరికి కారు వైపర్ కింద నోటీసు ఉంది. నూలు చీర మీద స్వెటర్ వేసుకున్న పెద్దావిడ, చేతిలో ఖాళీ పులిహోర డబ్బాతో కారు పక్కనే నిలబడిపోయారు. "పోలీసు కేసా బాబూ?" అని నన్నడిగారు. కొడుకు మొహంలో టెన్షన్. "పాస్ ఉందండీ, అద్దానికి వేలాడుతూనే ఉంది చూడండి" అన్నాడు. నిజమే, ఉంది. కాకపోతే అది డిస్కవర్ పాస్, అంటే రాష్ట్రం ఇచ్చేది. వాళ్లు కారు పెట్టిన నేల ఫెడరల్ ప్రభుత్వానిది. పోలీసు కేసు కాదమ్మా, సరైన పాస్ కనబడలేదని రాసిపెట్టిన కాగితమని చెప్పాక ఆవిడ స్థిమితపడ్డారు.

వాళ్లు డబ్బు ఎగ్గొట్టాలని చూసినవాళ్లు కారు. ఒక పాస్ కొంటే అన్ని చోట్లా చెల్లుతుందని నమ్మారంతే. ఇలాంటి నమ్మకాలు నాకు ప్రతి వారం ఎదురవుతున్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఏదో ఒక పాస్ ఉంటే చాలు, అడవి అడవే కదా.

బయల్దేరే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏ పాస్ కొనాలి?" కాదు, "ఆ నేల ఎవరిది?" అన్నది. సియాటిల్ నుంచి ఐ-90 హైవే మీద తూర్పుకి వెళ్లండి. ఎగ్జిట్ 32 దగ్గర రాటిల్‌స్నేక్ లెడ్జ్ ఉంది. అది సియాటిల్ నగరానికి నీళ్లిచ్చే పరీవాహక ప్రాంతం, నగరానిదే, అక్కడ ఏ పాసూ అక్కర్లేదు. దగ్గర్లోనే మౌంట్ సై, ఎగ్జిట్ 34 దగ్గర మెయిల్‌బాక్స్ పీక్ ఉన్నాయి. ఇవి రాష్ట్రానివి, కాబట్టి డిస్కవర్ పాస్ కావాలి. ఇంకొంచెం పైకి ఎగ్జిట్ 52కి వెళ్తే స్నో లేక్. అది నేషనల్ ఫారెస్ట్, అక్కడ నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి. ఒకే రోడ్డు మీద 20 మైళ్లలో ముగ్గురు యజమానులు. చెట్లు చూస్తే తేడా తెలియదు. ట్రయిల్‌హెడ్ బోర్డు మీద ఉన్న గుర్తు చూస్తేనే తెలుస్తుంది.

నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ రోజుకి 5 డాలర్లు, ఏడాదికి 30. వాషింగ్టన్, ఒరెగాన్ రెండు రాష్ట్రాల్లోని నేషనల్ ఫారెస్టుల్లో చెల్లుతుంది. దేశమంతటా ఫెడరల్ నేల మీద చెల్లే అమెరికా ద బ్యూటిఫుల్ పాస్ ఉన్నవాళ్లకి దీనితో పని లేదు, దాని బదులు అదే చెల్లుతుంది. కానీ ఆ పెద్ద పాస్ కూడా రాష్ట్రం నేల మీద చెల్లదు. వాల్లస్ ఫాల్స్‌కి దాన్ని పట్టుకెళ్లి లాభం లేదు, అది స్టేట్ పార్క్. దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి ఇలాంటి ఫారెస్ట్ పాస్ పేరు అడ్వెంచర్ పాస్. ఏంజెలెస్, శాన్ బెర్నార్డినో, క్లీవ్‌లాండ్, లాస్ పాడ్రెస్ ఫారెస్టుల్లో అది అడుగుతారు.

అపోహ: నేషనల్ ఫారెస్ట్ అంటే నేషనల్ పార్కే, అడుగు పెట్టాలంటే టికెట్ ఉండాలి.

రెండూ వేర్వేరు. పార్కుల్ని 1916లో ఏర్పడిన నేషనల్ పార్క్ సర్వీస్ చూస్తుంది, అది ఇంటీరియర్ శాఖ కింద ఉంది. ఫారెస్టుల్ని 1905లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వీస్ చూస్తుంది. అది వ్యవసాయ శాఖ కింద ఉంది, ఆ నేలని కలపకి, నీటికి, పశువుల మేతకి, జనం తిరగడానికి, అన్నిటికీ కలిపి చూసుకుంటున్నారు. మొత్తం 154 నేషనల్ ఫారెస్టులు. మౌంట్ రైనియర్ పార్కుకి వెళ్తే గేటు దగ్గర డబ్బు కడతాం. ఫారెస్టుకి అలాంటి గేటు లేదు. అడవిలోకి అడుగు పెట్టడానికి రుసుమే లేదు.

మరి ఆ 5 డాలర్లు దేనికి? 2004 నాటి చట్టం ఒకటి ఉంది. ఫారెస్ట్ సర్వీస్ ఒక చోట ఈ రోజువారీ రుసుము తీసుకోవాలంటే అక్కడ ఆరు సౌకర్యాలూ ఉండాలి: సరిగా కట్టిన పార్కింగు, శాశ్వతమైన టాయిలెట్, చెత్తడబ్బా, వివరాలు చెప్పే బోర్డు, పిక్నిక్ బల్ల, భద్రత చూసేవాళ్లు. ఉత్తగా రోడ్డు పక్కన కారు ఆపినందుకు, సౌకర్యాలేవీ వాడకుండా నడిచి వెళ్లినందుకు, అడవిలో మామూలు చోట గుడారం వేసుకున్నందుకు డబ్బు తీసుకోకూడదని అదే చట్టం చెబుతోంది. వసూలైన దానిలో కనీసం 80 శాతం ఆ ప్రాంతానికే ఖర్చు పెట్టాలి. ట్రయిల్‌హెడ్ టాయిలెట్‌లో పేపర్ ఉందంటే, గుంట నిండిపోకుండా లారీ వచ్చి ఖాళీ చేసిందంటే ఆ డబ్బుతోనే. ఆగస్టు ఆదివారం సాయంత్రం ఆ తలుపు తెరిచి చూసినవాళ్లెవరూ 5 డాలర్లు ఎక్కువ అనరు.

పాస్ ముందే కొనుక్కోకపోతే కొన్ని చోట్ల బోర్డు పక్కన ఇనప గొట్టం, కవర్లు ఉంటాయి. కవరు మీద కారు నంబరు రాసి, నోటు లోపల పెట్టి గొట్టంలో వేసి, చింపిన ముక్కని డాష్‌బోర్డు మీద కనబడేలా పెట్టాలి. చిల్లర ఇచ్చే మనిషి ఉండడు, కాబట్టి 5 డాలర్ల నోటు దగ్గర ఉంచుకోండి. ఫోన్‌లో కొందామనుకుంటే చాలా చోట్ల సిగ్నల్ ఉండదు.

అపోహ: పాస్ కొన్నాం కదా, మళ్లీ పర్మిట్ ఎందుకు?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పాస్ సౌకర్యాల ఖర్చు కోసం. పర్మిట్ ఎంతమంది వెళ్తున్నారన్న లెక్క కోసం. ఒకటి ఉందని రెండోది రద్దు కాదు.

లెవెన్‌వర్త్ ఊరి పైన కొండల్లో సరస్సులుండే ఎన్‌చాంట్‌మెంట్స్ ప్రాంతాన్ని తీసుకోండి. మే 15 నుంచి అక్టోబర్ 31 వరకు అక్కడ రాత్రి ఉండాలంటే పర్మిట్ తప్పనిసరి. దానికి రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫిబ్రవరి మధ్యలో లాటరీ తెరుస్తారు. ఒక పర్మిట్ మీద ఎనిమిది మందికి మించి కుదరదు. లాటరీ రాకపోయినా ఒక్క రోజులో వెళ్లి వచ్చేయొచ్చు, దానికి లాటరీ లేదు. అయితే అటు నుంచి ఇటు మొత్తం దాటడమంటే దాదాపు 18 మైళ్లు. పిల్లల్ని తీసుకుని తొమ్మిదింటికి బయల్దేరే హైక్ కాదది.

ఒక్క రోజు హైకుకి కూడా ఒక కాగితం ఉంది. ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్‌లోకి (రోడ్లూ కట్టడాలూ రాకుండా చట్టం కాపాడే అడవి భాగం) వెళ్లే దారుల మొదట్లో చెక్కపెట్టె ఉంటుంది. మూత తీస్తే ఫారాలు, తాడు కట్టిన చిన్న పెన్సిల్. ఎంతమంది, ఎటు వెళ్తున్నారు, ఏ రోజు అని రాసి, ఒక ప్రతి పెట్టెలో వేసి, రెండోది బ్యాగుకి కట్టుకోవాలి. పైసా ఖర్చు లేదు. చాలామంది మనవాళ్లు ఈ పెట్టె ముందు ఆగి, చూసి, వెళ్లిపోతారు. ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "వీసా మీద ఉన్నాం, ప్రభుత్వ కాగితం మీద సంతకం పెడితే ఏమైనా అవుతుందా అండీ?" అని మెల్లగా అడిగాడు. ఆ భయం నాకు అర్థమవుతుంది, నేనూ అలాంటి రోజులు చూసినవాణ్ణే. ఆ కాగితం ఏ దారిలో ఎంతమంది తిరుగుతున్నారో తెలుసుకోవడానికే. ఆ లెక్కని బట్టే దారి బాగుచేయాలా, జనాన్ని తగ్గించాలా అన్నది తేలుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొందరు దీనికి పూర్తిగా ఎదురుగా నమ్ముతారు: పెట్టెలో కాగితం వేశాం కాబట్టి రాత్రికి దిగి రాకపోతే రేంజర్లు వెతుక్కుంటూ వస్తారని. రారు. మీరు దిగారా లేదా అని ఆ పెట్టె దగ్గర చూసేవాళ్లెవరూ ఉండరు. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికల్లా తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

గుంపు పరిమితి మీద ఎక్కువ గొడవ జరుగుతుంది. ఎన్‌చాంట్‌మెంట్స్ కాని మిగతా ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్‌లో ఒక జట్టుకి పన్నెండు మందే. వాట్సాప్ గ్రూపులో ఇరవై రెండు మంది చేయెత్తి, ఐదు కార్లలో వస్తారు. పార్కింగులో రెండు జట్లుగా విడిపోయి, సరస్సు దగ్గర మళ్లీ ఒక్కచోట దుప్పట్లు పరిస్తే విడిపోయినట్టు కాదు. ఆ సరస్సు ఒడ్డున హెదర్ అనే చిన్న పొద ఉంటుంది, చీలమండ ఎత్తు కూడా ఉండదు. ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కింద ఉంటుంది, పెరగడానికి దానికి దొరికేది కొన్ని వారాలే. జనం ఫోటోల కోసం తిరిగి తిరిగి ఒక చోట అది పోయి వట్టి మన్ను తేలింది. నాలుగేళ్లుగా ఆ మచ్చని చూస్తున్నాను, ఇంకా పూడలేదు.

అపోహ: మౌంట్ సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం నేషనల్ మాన్యుమెంట్ కాబట్టి దాని నియమాలు వేరు. పేరులో మాన్యుమెంట్ ఉన్నా అది గిఫర్డ్ పింషో నేషనల్ ఫారెస్టులోనే ఉంది, చూసేది ఫారెస్ట్ సర్వీసే. 4,800 అడుగుల పైకి ఎక్కాలంటే ఏడాది పొడుగునా క్లైంబింగ్ పర్మిట్ ఉండాలి.

అపోహ: అమ్మానాన్నలకి 62 దాటాయి కాబట్టి సీనియర్ పాస్ ఇస్తారు.

వయసు ఒక్కటే సరిపోదు. సీనియర్ పాస్ అమెరికా పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే. విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చిన పెద్దవాళ్లకి రాదు. మొహమాటంతో వయసు మాత్రమే చెప్పి తీసుకోవద్దు. అసలు ఆ అవసరమూ లేదు. ఫారెస్టు పార్కింగు దగ్గర పాస్ కారుకి లెక్క. మీ పాస్ అద్దానికి ఉంటే కారులో ఉన్న అందరికీ అదే సరిపోతుంది.

అపోహ: అసోసియేషన్ వనభోజనాలే కదా, లాభం కోసం కాదు కాబట్టి పర్మిట్ అక్కర్లేదు.

రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. ఒకటి, 75 మంది లేదా అంతకంటే ఎక్కువ ఒక్కచోట చేరితే, చూడ్డానికి వచ్చినవాళ్లతో కలిపి, గ్రూప్ యూజ్ పర్మిట్ కావాలి. దానికి రుసుము లేదు, కానీ ముందుగా దరఖాస్తు పెట్టాలి. రెండు, పాల్గొనే ఫీజు అని తలా పది డాలర్లు వసూలు చేస్తే, లాభం ఒక్క డాలరు లేకపోయినా, నిబంధనల ప్రకారం అది కమర్షియల్ కిందికి వస్తుంది. అప్పుడు పర్మిట్ వేరే. స్నేహితులు పెట్రోలు ఖర్చు పంచుకోవడం గురించి కాదు నేను చెప్పేది, టికెట్టు పెట్టి పిలవడం గురించి. సామాన్లన్నీ కొనేశాక, వంటవాళ్లకి అడ్వాన్సు ఇచ్చేశాక నాకు ఫోన్ చేస్తుంటారు. తేదీ అనుకోగానే ముందు ఆ రేంజర్ స్టేషన్‌కి ఫోన్ చేయండి. వాళ్లు అడ్డుపడేవాళ్లు కారు. ఇంతమందికి టాయిలెట్లు చాలే చోటేదో వాళ్లే చెబుతారు.

అపోహ: అడవిలో కాసింది ఎవరైనా కోసుకోవచ్చు.

కొంతవరకే. ఏ ఫారెస్టు నియమం ఆ ఫారెస్టుదే. గిఫర్డ్ పింషోలో ఇంటికోసం హకల్‌బెర్రీలు కోసుకోవడానికి కూడా పర్మిట్ తీసుకోవాలి, అది ఉచితం. అక్కడ సాటూత్ బెర్రీ ఫీల్డ్స్‌లో ఒక భాగం యాకమా తెగవాళ్లకే ప్రత్యేకం. 1932లో వాళ్ల పెద్దకీ ఫారెస్టు సూపర్‌వైజర్‌కీ మధ్య కరచాలనంతో కుదిరిన మాట అది, ఇప్పటికీ నిలబడి ఉంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో అటవీ ఫలసాయం మీద గిరిజనుల హక్కు గురించి తెలిసినవాళ్లకి ఇది వేరే వివరించనక్కర్లేదు. బోర్డు కనబడితే ఆ వైపు బకెట్ పట్టుకుని వెళ్లకండి.

క్రిస్మస్ చెట్టు కొట్టుకోవడానికీ పర్మిట్ ఉంటుంది. చెట్టు ఎత్తు ఎంత వరకు, ఏ రోడ్డు వెంట, నీటికి ఎంత దూరంలో అన్నది దానిమీదే రాసి ఇస్తారు. మీ పిల్లలు నాలుగో తరగతిలో ఉంటే ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ పాస్ ఉచితంగా వస్తుంది, దానితో చెట్టు పర్మిట్ కూడా ఉచితం. ఆన్‌లైన్‌లో తీసుకుంటే బుకింగ్ రుసుము మాత్రం ఉంటుంది. డిసెంబర్‌లో మంచులో ఆడుకునే చోట్లకి వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోండి: స్నో-పార్క్ అని బోర్డు ఉన్నచోట పైన చెప్పిన పాసులు పనికిరావు, స్నో-పార్క్ పర్మిట్ విడిగా కొనాలి. పోయిన డిసెంబర్‌లో ఒక పాప క్రిస్మస్ చెట్టు పర్మిట్ చీటీని తనే దాని కొమ్మకి కట్టి, గాలికి ఊడిపోతుందేమోనని అరచేత్తో పట్టుకుని కారు దాకా పక్కనే నడిచింది.