కాక్టస్ కుండీలో ఉప్పు చల్లకండి: నత్తలు, పిండినల్లి గురించి అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో సెప్టెంబరు వానలు పట్టుకున్నాయంటే మిద్దెతోటల వాళ్లు పంపే ఫొటోలన్నీ ఒకే పోలికలో ఉంటాయి. నున్నటి ఆస్ట్రోఫైటమ్ కాక్టస్ ఒంటి మీద చెంచాతో గీకినట్టు ఒక గుంట, పక్కనే ఎండి మెరుస్తున్న జిగురు చార, కుండీ అంచున తెల్లగా ఏదో పొడి. కింద ఒక వాక్యం: "నత్తలు చచ్చాయండీ, కానీ మొక్క వాడిపోతోంది, నీళ్లు చాల్లేదేమో." ఆ మొక్కను చంపుతున్నది దాహం కాదు, ఆ తెల్ల పొడే. అది ఉప్పు. నత్త కొరికింది రూపాయి బిళ్లంత చర్మం, ఉప్పు కాల్చింది మొత్తం వేళ్లను.

మిగతా అపోహల సంగతి తర్వాత. ముందు దీని పని పడదాం.

అపోహ: ఉప్పు చల్లితే నత్తల పీడ వదులుతుంది

నత్త మీద ఉప్పు పడితే చస్తుంది, అందులో అబద్ధం లేదు. మాగాయ ముక్కల్లోంచి ఊటను లాగినట్టే దాని ఒంట్లో నీటినంతా ఉప్పు బయటికి లాగేస్తుంది. కానీ ఇది నత్త ఒళ్లు, ఇది కాక్టస్ వేరు అని ఉప్పుకు తెలియదు కదా.

లెక్క చూడండి. 4 అంగుళాల కుండీలో పట్టే మట్టి మిశ్రమం సుమారు అర లీటరు. నీళ్లు పోసి, అడుగు నుంచి కారాల్సింది కారిపోయాక అందులో నిలిచే తడి 100 నుంచి 125 మిల్లీలీటర్లు. ఒక టీస్పూను ఉప్పు 5–6 గ్రాములు. వానకు అది కరిగిందంటే వేళ్ల చుట్టూ ఉన్న నీటిలో లీటరుకు 40–60 గ్రాముల ఉప్పు చేరినట్టు. సముద్రపు నీటిలో ఉండేది 35. ఒక్క టీస్పూనుకే మొక్కను సముద్రంలో నాటినంత పని అవుతుంది. జనం చల్లేదేమో గుప్పెళ్లతో.

వంగ మొక్కైతే రెండు రోజుల్లో తల వాల్చి సంగతి చెప్పేస్తుంది. కాక్టస్ చెప్పదు. ఒంట్లో నీటి నిల్వ ఉంటుంది కనుక వేళ్లు మాడిపోయాక కూడా రెండు మూడు వారాలు పచ్చగానే నిలబడుతుంది. తర్వాత మెరుపు తగ్గి, మెల్లగా ముడతలు పడుతుంది. దాహం వేసిందనుకుని నీళ్లు పోస్తారు. చచ్చిన వేళ్లు నీళ్లు తాగవు, ఆ తడిలో కుళ్లుతాయి. మొక్క మొదలు పసుపు రంగుకు తిరిగి, వేలితో నొక్కితే మెత్తగా దిగేసరికి ఉప్పు చల్లిన సంగతి ఎవరికీ గుర్తుండదు. నింద నర్సరీవాడి మీద పడుతుంది.

ఇప్పటికే చల్లేశారా? చాలామంది చేసిన పనే, కంగారు పడకండి. ఉప్పు ఇంకా పొడిగా ఉంటే చెంచాతో పైన ఒక అంగుళం మట్టిని తీసేసి, కొత్త మిశ్రమం వేయండి, అంతే. కరిగిపోయి ఉంటే మాత్రం కుండీలోంచి తీయక తప్పదు. మట్టినంతా దులిపి, వేళ్లను వాన నీళ్లలోనో ఆర్‌ఓ నీళ్లలోనో ఐదేసి నిమిషాలు రెండుసార్లు జాడించండి. గోధుమ రంగుకు తిరిగి మెత్తబడ్డ వేళ్లను స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో కోసేయండి. వెలుతురున్న నీడలో, కాగితం మీద వారం రోజులు ఆరనివ్వండి. ముసురు పట్టిన రోజుల్లో పది రోజులైనా పర్వాలేదు. పొడి మిశ్రమంలో నాటి, ఇంకో వారం ఆగి, అప్పుడు కొద్దిగా నీళ్లు. కుండీలోనే నీళ్లు పోసి ఉప్పు కడిగేయవచ్చా అంటే, ఏప్రిల్ ఎండలో, ఇసుక పాలు ఎక్కువున్న మిశ్రమంలో రెండు మూడు లీటర్లు పోసి కడగొచ్చు. అక్టోబరులో అలా చేస్తే ఉప్పు చంపాల్సిన మొక్కను మీ నీళ్లే చంపుతాయి. తీసిన మట్టిని కరివేపాకు కుండీలో వేయకండి, దానికీ అదే గతి.

అన్నట్టు, కుండీ అంచున కనిపించే ప్రతి తెల్ల పొరా ఉప్పు కాదు. ఇక్కడి బోరు నీళ్లు పోసేవాళ్ల మట్టి కుండీలకు సున్నపు పొర కట్టడం మామూలే. ఒక చుక్క వెనిగర్ వేస్తే సున్నం బుసబుస పొంగుతుంది, ఉప్పు పొంగదు.

"కుండీలో వేయమండీ, చుట్టూ నేల మీద గీతలా వేస్తాం" అనేవాళ్లూ ఉన్నారు. మొదటి వానకే ఆ గీత కరిగి స్లాబు సందుల్లోకి ఇంకుతుంది, లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. మొక్కను కాపాడబోయి మిద్దెకు ఎసరు పెట్టుకున్నట్టు. బూడిద గీతలదీ సున్నం గీతలదీ ఇంకో తంటా. అవి పొడిగా ఉంటేనే నత్తను ఆపుతాయి, నత్త వచ్చేదేమో తడి ఉన్నప్పుడు.

మరి నత్తల్ని ఏం చేయాలి

చేత్తో ఏరాలి. విసుగ్గా అనిపించినా ఇంతకు మించిన మందు లేదు. వాన వెలిసిన రాత్రి 8 నుంచి 10 మధ్య టార్చి, రబ్బరు గ్లౌజులు, సబ్బు నీళ్ల బకెట్టు పట్టుకుని వెళ్లండి. ఉప్పు వాడాలన్న కోరిక అంతగా ఉంటే ఆ బకెట్టులో వేసుకోండి, నీళ్లను మాత్రం మొక్కల్లో పారబోయకండి. గ్లౌజులు ఎందుకంటే, ఇక్కడ ఎక్కువగా కనిపించే ఆఫ్రికా పెద్ద నత్త ఎలుకల ఊపిరితిత్తుల పురుగును మోస్తుంది. అది మనిషి ఒంట్లోకి చేరితే మెదడు పొరల వాపు రావచ్చు. పిల్లల్ని వాటితో ఆడనివ్వకండి.

ఈ పెద్ద నత్త మన దేశానిది కాదు. 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి తోటలో వదిలారు, అక్కడి నుంచి పాకింది. ఇక్కడి కన్నడ తోటమాలులు బసవనహుళు అని ముద్దుగా పిలుస్తారు గానీ ఒక్కోసారి వందకు పైగా గుడ్లు పెట్టే ప్రాణి. గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కనుక ఒక్క రాత్రి ఏరి వదిలేస్తే లాభం లేదు. మొదట వరుసగా మూడు రాత్రులు, తర్వాత వారానికోసారి చొప్పున నాలుగు వారాలు ఏరండి. స్థలం ఎక్కువైతే తడిపిన గోనెసంచి పరిచి, కింద బొప్పాయి ఆకులో క్యాబేజీ ఆకులో పెట్టండి. పొద్దున్నే సంచి ఎత్తితే అన్నీ అక్కడే ఉంటాయి.

పగలు అవి దాక్కునే చోట్లు మూడు నాలుగే: కుండీ కింది పళ్లెం, గ్రోబ్యాగు మడతలు, ఏసీ నీళ్లు కారే మూల, తడి చెత్త కంపోస్టు డబ్బా వెనకాల. నల్లగా, తోలులా ఉండే పెంకు లేని నత్తలైతే కుండీ అడుగు రంధ్రంలోకే దూరుతాయి. కుండీలను అడుగున్నర ఎత్తు ఇనుప స్టాండు మీద, గోడకు తగలకుండా పెట్టండి. నీళ్లు సాయంత్రం కాకుండా పొద్దున పోయండి. నత్త కొరికిన చోట మచ్చ ఎప్పటికీ పోదు, బెరడు కట్టి గోధుమ రంగులో మిగులుతుంది. దానికి పసుపు పూయాలా, దాల్చినచెక్క పొడి పూయాలా అన్న చర్చ వద్దు, పది రోజులు తడి తగలకపోతే చాలు.

అపోహ: పురుగుమందు కొడితే నత్తలూ పోతాయి

పోవు. నత్త పురుగు కాదు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు గానీ వేపనూనె గానీ కొట్టి నత్తల్ని వదిలించుకున్నామనేవాళ్లు ఆ వారం వాన పడలేదన్న సంగతి మర్చిపోతారు. పైగా వేపనూనె కాక్టస్ మీది బూడిద రంగు మైనపు పొరను తుడిచేస్తుంది, మర్నాటి ఎండకు చర్మం కమిలిపోతుంది.

నత్తల కోసమే తయారైనవి 2.5 శాతం మెటాల్డిహైడ్ గుళికలు. ఇవి పనిచేస్తాయి. కానీ కుక్కలు ఇష్టంగా తింటాయి, తింటే వణుకు, ఫిట్స్, ఒళ్లు కాలిపోయే జ్వరం. విరుగుడు మందంటూ లేదు, వెంటనే పశువైద్యుడి దగ్గరికి పరిగెత్తడమే. బ్రిటన్‌లో 2022 మార్చి 31 తర్వాత ఆరుబయట దీని వాడకమే నిషేధం. ఇంట్లో కుక్కా పిల్లీ ఉన్నా, మీ అపార్ట్‌మెంటు మిద్దె మీదికి పక్కింటివాళ్ల కుక్క వచ్చినా దీని జోలికి వెళ్లకండి. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు దొరికితే అవి నయం. నత్త వెంటనే చావదు గానీ తిండి మానేసి కొద్ది రోజుల్లో పోతుంది. ఏ గుళికలైనా దూరదూరంగా నాలుగైదు వేయాలి, కుప్ప పోయకూడదు.

కాఫీ పొడి, గుడ్డు పెంకులు, రాగి టేపు: మూడింటికీ కలిపి ఒక పేరా చాలు. నత్తల్ని చంపేది కాఫీలోని కెఫీన్, అదీ 1–2 శాతం ద్రావణంలా కొడితే. 2002లో హవాయిలో తేలిన సంగతి. మీ ఫిల్టరులో డికాక్షన్ దిగాక మిగిలిన పిప్పిలో, అందులోనూ చికోరీ కలిసిన పిప్పిలో ఆ పాటి బలం ఉండదు. కాక్టస్ మొదట్లో వేస్తే తడి పట్టి, బూజు పట్టి, చిన్న నల్ల దోమల్ని పెంచుతుంది. గుడ్డు పెంకు నత్తకు అడ్డు కాదు, దాని పెంకుకు కావలసిన కాల్షియం. గుడ్డు పెంకులు, రాగి టేపు రెండూ బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో చెప్పిన పరీక్షలో నిలబడలేదు.

అపోహ: ముళ్లున్న మొక్కను ఏదీ ముట్టదు

జిగురు మీద జారే నత్తకు ముల్లు ఒక లెక్క కాదు. ఇక పురుగులంటారా, దక్షిణ భారతంలో పొలాలకు పొలాలు కమ్మేసిన నాగజెముడును అణచింది కత్తీ పారా కాదు, 1926లో శ్రీలంక నుంచి తెచ్చిన కోకినీల్ పురుగు. మొక్కల రసం పీల్చే పిండినల్లికి (మీలీబగ్) దూరపు చుట్టమే.

ఆ పిండినల్లి గురించే ఇంకో ఖరీదైన పొరపాటు. ముళ్ల సందుల్లో దూది ముక్కల్లా తెల్లగా కనిపిస్తే బూజు అనుకుని శిలీంధ్రనాశిని కొడతారు. అగ్గిపుల్లతో కదిపి చూడండి. గులాబీ రంగు రసం వచ్చినా, కాళ్లు కదిలినా అది పిండినల్లే. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో సాయంత్రం పూట ఒక్కొక్కటీ తుడవండి, వారానికోసారి, మూడు వారాలు.

పైన కనిపించేది సులువు. కింద వేళ్లకు పట్టేదే దొంగ. మొక్క పెరగదు, నీళ్లు పోసినా ముడతలు పోవు, అచ్చం ఉప్పు తగిలిన మొక్కలాగే. కుండీ నుంచి తీస్తే లోపలి గోడకు, వేళ్లకు తెల్లటి మైనపు పొడి అంటుకుని ఉంటుంది. మిశ్రమంలో కలిపే తెల్లటి తేలిక గుళికలు, అంటే పెర్లైట్ కాదు కదా అని అనుమానమైతే చేతి వేళ్ల మధ్య నలపండి. పెర్లైట్ గరగరమంటుంది, ఇది జిడ్డుగా పూసుకుంటుంది. ఆ మట్టిని కవరులో కట్టి పారేయండి. మొక్క వేళ్లు కడిగి, సన్న వేళ్లు కత్తిరించి, లీటరు నీటికి అర మిల్లీలీటరు ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ కలిపిన ద్రావణంలో పది పదిహేను నిమిషాలు ముంచి, వారం ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో నాటండి. పాత కుండీనే వాడాలంటే మరిగే నీళ్లు పోసి కడగాలి. ఒక కుండీలో దొరికితే చుట్టుపక్కల కుండీలన్నీ తీసి చూడాల్సిందే, ఎందుకంటే కుండీ నుంచి కుండీకి వీటిని చీమలు మోస్తాయి, పిండినల్లి విసర్జించే తియ్యటి జిగురు కోసం.

చీమలకు సుద్దముక్క గీత ఒక్క వానకే పోతుంది. ఒక టీస్పూను వెలిగారం (బోరాక్స్), ఎనిమిది టీస్పూన్ల చక్కెర, ఒక కప్పు గోరువెచ్చని నీళ్లు కలిపి, దూది ముంచి, మూతకు రంధ్రాలు చేసిన డబ్బాలో పిల్లలకు అందనిచోట పెట్టండి. మొదటి రెండు రోజులు చీమలు బారులు తీరతాయి, భయపడి తీసేయకండి. అవి పుట్టకు మోసుకెళ్లడమే మనకు కావాలి. పాలగిన్నెకు చేసినట్టు స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే ఉపాయమూ మంచిదే, కాకపోతే నీళ్లు నాలుగు రోజులకోసారి పారబోయాలి, లేదంటే డెంగ్యూ దోమలు పుడతాయి.

ఫిబ్రవరి నుంచి మే దాకా మొక్క నెత్తిన తుప్పు రంగు పాకితే అది ఎర్రనల్లి (స్పైడర్ మైట్). ఎండదెబ్బైతే ఎండ తగిలిన వైపే కమిలి ఉంటుంది, ఎర్రనల్లి లేత కొన నుంచి చుట్టూ దిగుతుంది. ఇమిడాక్లోప్రిడ్ దీన్ని చంపదు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు, ఎండ దిగాక.

ఇక కొత్త మొక్క కొన్నవాళ్ల భయం ఒకటి ఉంది. కుండీ మట్టిలో పసుపుపచ్చగా గుండ్రంగా గింజలు కనబడగానే నత్త గుడ్లని హడలిపోతారు. అవి మట్టిలో ఒక్కొక్కటిగా చెదిరి ఉండి, గట్టిగా నొక్కితే పెంకు పగిలి నీరు కారితే నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు, ఉండనివ్వండి. నత్త గుడ్లు నానిన సగ్గుబియ్యంలా తెల్లగా, ఒకేచోట గుంపుగా, అంగుళం రెండంగుళాల లోతున ఉంటాయి. కొత్త కుండీని మూడు వారాలు మిగతా వాటికి దూరంగా పెట్టండి, గుడ్లు దొరికితే ఆ మట్టితో సహా మరిగే నీళ్లలో వేయండి.