స్పిరిట్, పౌడర్, రేజరు: నర్సు చేతికి ఆధారాలు ఎందుకు అందవు?

మంచం పట్టిన రోగి వీపుకు స్పిరిట్ రుద్ది పౌడర్ అద్దడం పాత తరం సిస్టర్లకు చేయి తిరిగిన పని. అలా చేస్తే బెడ్‌సోర్లు (పడుకునే ఉండటం వల్ల ఒరిపిడికి పడే పుండ్లు) రావని నమ్మేవారు. ఇంగ్లండులో డోరీన్ నార్టన్ అనే నర్సు తన బృందంతో కలిసి వృద్ధుల వార్డుల్లో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. చర్మానికి ఏం రాశామన్నది కాదు, రోగిని వేళకు పక్కకు తిప్పామా లేదా అన్నదే అసలు విషయమని 1962లో వచ్చిన ఆ అధ్యయనం తేల్చింది. పుండు పడే ప్రమాదాన్ని అంచనా వేసే నార్టన్ స్కేల్ కూడా అందులోంచే పుట్టింది. అయిదు అంశాలు, మొత్తం 20 మార్కులు. 14 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ప్రమాదం ఉన్నట్టు.

అంతకు వందేళ్ల ముందే, ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ సైనికుల చావులకు కారణాలు లెక్కగట్టి, 1858లో పటాలు గీసి చూపించారు. మన నర్సింగ్ కాలేజీల్లో ల్యాంప్ లైటింగ్ రోజున దీపాలు పట్టుకుంటారు గానీ ఆ పటాల ఊసెత్తేవాళ్లు తక్కువే. పరిశోధనల్లో తేలినదాన్నిబట్టి నడుచుకోవాలనే 'ఆధారాలతో వైద్యం' అన్న మాట 1990ల మొదట్లో కెనడా డాక్టర్ల నుంచి వచ్చింది. నర్సింగ్ ఆధారాలను కూర్చిపెట్టే జోవన్నా బ్రిగ్స్ సంస్థ 1996లో ఆస్ట్రేలియాలో మొదలైంది.

మరి ఆధారాలు వార్డుదాకా ఎందుకు రావడం లేదు? అమెరికాలో శాండ్రా ఫంక్ బృందం 1991లో నర్సులనే అడిగింది. చదివింది అర్థం కావడం లేదన్న జవాబు అన్నిటికన్నా పైన లేదు. పద్ధతి మార్చే అధికారం మాకు లేదు, డ్యూటీలో తీరిక లేదు: ఈ రెండే ముందు నిలిచాయి.

అధికారం సంగతి రేజరు చెబుతుంది. ఆపరేషన్‌కు ముందు రేజరుతో వెంట్రుకలు తీయించుకున్న రోగుల్లో 5.6 శాతం మందికి గాయం చీము పట్టిందని, రేజరు వాడనివాళ్లలో అది 0.6 శాతమేనని 1971లోనే ఒక అధ్యయనం చూపింది. అవసరం లేకపోతే వెంట్రుకలు తీయొద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 1999లో చెప్పింది. అయినా షేవింగ్ ఆర్డరు రాసేది సర్జను, గీసేది సిస్టరు. ఆ ఆర్డరును ప్రశ్నించే సిస్టరు ఎన్ని ఆసుపత్రుల్లో నిలబడగలదు?

మన దేశంలో బీఎస్సీ నర్సింగ్ 1946లో ఢిల్లీ, వెల్లూరుల్లో మొదలైంది. 2021 సిలబస్‌లో భారత నర్సింగ్ కౌన్సిల్ ఆధారాలతో పనిచేయడాన్ని ముఖ్య సామర్థ్యాల్లో చేర్చింది. మంచిదే. కానీ నాకు తోచినంతలో, విద్యార్థులు చేసే రీసెర్చ్ ప్రాజెక్టు బైండింగ్ అయి లైబ్రరీ బీరువాలోకి వెళ్లాక దాన్ని మళ్లీ తెరిచేవాళ్లు ఉండరు. బోధనాసుపత్రుల జనరల్ వార్డుల్లో ముగ్గురు రోగులకో నర్సు ఉండాలన్న కౌన్సిల్ లెక్క కూడా కాగితం దాటడం కష్టంగానే ఉంది. రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడానికి ఇద్దరు కావాలి. నైట్ డ్యూటీలో సిస్టరు ఒక్కరే ఉన్నచోట ఆ పని రోగి బంధువు మీదే పడుతుంది, అదీ ఎలా తిప్పాలో ఎవరైనా చూపించి ఉంటే.