జెజె తర్వాత ఖాళీగా ఉండిపోయిన చోటు

2025 జూన్ 4, బుధవారం రాత్రి బ్యాంకాక్ శివార్లలోని తమ్మసాత్ స్టేడియంలో భారత ఫుట్‌బాల్ జట్టు థాయ్‌లాండ్ చేతిలో 0-2తో ఓడిపోయింది. ఎనిమిదో నిమిషంలో బెన్ డేవిస్, 59వ నిమిషంలో పోరమెట్ గోల్స్ కొట్టారు. ఫ్రెండ్లీ మ్యాచ్ కాబట్టి పాయింట్ల నష్టం లేదు. కానీ ఆ తర్వాతి మంగళవారమే, జూన్ 10న, హాంకాంగ్‌తో వాళ్ళ గడ్డ మీద ఆసియా కప్ క్వాలిఫయర్ ఉండింది. గ్రూపులో భారత్, బంగ్లాదేశ్, సింగపూర్, హాంకాంగ్ నాలుగింటికీ అప్పటికి తలా ఒక పాయింటే. 2027లో సౌదీ అరేబియాలో జరిగే ఆసియా కప్‌కి గ్రూపులో మొదటి స్థానం వచ్చిన జట్టుకే చోటు. అందుకే ఒక సన్నాహక మ్యాచ్ ఓటమికి అంత గొడవ జరిగింది.

అభిమానులు మూడు వర్గాలయ్యారు. నలభై ఏళ్ళ స్ట్రైకర్ సునీల్ ఛెత్రీని ఇంకా ఎందుకు ఆడిస్తున్నారని ఒక వర్గం అడిగింది. ఒక చేత్తో ఎఫ్‌సీ గోవా క్లబ్‌నీ ఇంకో చేత్తో దేశాన్నీ నడిపిన అప్పటి కోచ్ మనోలో మార్కెజ్‌దే తప్పని రెండో వర్గం అంది. మూడో వర్గం గొంతు చిన్నది. వాళ్ళు అడిగింది ఒక్కటే: ఛెత్రీని తీసేస్తే ఆ చోట ఎవరిని పెడతారు, పెట్టడానికి ఎవరిని తయారు చేశారు?

ఈ ప్రశ్నకి జవాబు వెతకాలంటే పాత రోజుల్లో భారత జట్టుకి కోచ్‌గా ఉన్న హైదరాబాదీ రహీం సాబ్ కాలానికి వెళ్ళక్కర్లేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్, 1962 జకార్తా ఆసియా క్రీడల కథలు హైదరాబాద్ వాళ్ళకి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ ఓటమి నుంచి ఆరేళ్ళు వెనక్కి వెళ్తే చాలు. అప్పుడూ ఎదుట ఉన్నది థాయ్‌లాండే.

2019 జనవరి 6, అబుదాబి. ఆసియా కప్‌లో భారత్ మొదటి మ్యాచ్. 27వ నిమిషంలో ఛెత్రీ పెనాల్టీ కొట్టాడు. కాసేపటికి తీరసిల్ దంగ్దా స్కోరు సమం చేశాడు. రెండో సగం మొదలవగానే ఛెత్రీ మళ్ళీ కొట్టాడు. 68వ నిమిషంలో అనిరుధ్ థాపా మూడోది వేశాడు. 80వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన కొద్దిసేపటికే, మన రెండో స్ట్రైకర్ జెజె లాల్‌పెఖ్లువా నాలుగోది కొట్టాడు. 4-1. ఆసియా కప్‌లో 1964 తర్వాత మనకి దక్కిన మొదటి గెలుపు అది. మర్నాడే థాయ్‌లాండ్ తన కోచ్‌ని తీసేసింది. ఆ జూన్‌లో కింగ్స్ కప్‌లో వాళ్ళ దేశంలోనే మళ్ళీ 1-0తో ఓడించాం. అంటే 2019లో ఆరు నెలల్లో మనం రెండుసార్లు ఓడించిన జట్టు చేతిలోనే 2025లో ఓడిపోయాం.

ఓడిన వెంటనే అందరూ ఆ 4-1ని గుర్తు చేసుకున్నారు. నేను గుర్తు చేయాలనుకునేది అందులోని నాలుగో గోల్‌ని. భారత్ తరఫున జెజెకి అదే ఆఖరి గోల్. మిజోరం కుర్రాడు, 56 మ్యాచ్‌ల్లో 23 గోల్స్ కొట్టినవాడు. ఛెత్రీ పక్కన నిలబడి, ఛెత్రీ అలిసిపోతే ఆ బరువు తనూ మోయగల ఒకే ఒక్కడు. నాలుగో గోల్ పడినప్పుడు మనకి ఇద్దరు స్ట్రైకర్లు ఉన్నారు. ఆ టోర్నీ అయ్యేసరికి ఒక్కడు మిగిలాడు.

తర్వాతి ఎనిమిది రోజులూ అందరికీ బాధగానే గుర్తుంటాయి. యూఏఈ మీద 0-2. జనవరి 14న బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే చాలు అన్న స్థితి. తొంభై నిమిషాలు కాచుకున్నాక ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ ఇచ్చి 0-1తో ఇంటిదారి పట్టాం. కోచ్ స్టీఫెన్ కాన్‌స్టంటైన్ ఆ రాత్రే తప్పుకున్నాడు. చర్చంతా ఆ పెనాల్టీ మీద, కాన్‌స్టంటైన్ పద్ధతుల మీద సాగింది. కొత్త కోచ్‌గా ఇగోర్ స్టిమాచ్ వచ్చాడు. ఈ హడావుడిలో జెజె మోకాలు ఎవరికీ పట్టలేదు. 2019-20 సీజన్ మొత్తం అతను ఆడలేదు. తిరిగొచ్చినా పాత జెజె కాలేకపోయాడు. 2023లో ఆటకి సెలవు చెప్పాడు.

గాయాలు ఎవరికైనా తగులుతాయి. వేరే దేశాల్లో ఒకడు పడిపోతే వెనక లైన్లో ఇంకొకడు ఉంటాడు. మన లైన్ ఖాళీగా ఉంది, అసలు సంగతంతా అక్కడే ఉంది. ఎందుకు ఖాళీ అయిందో తెలియాలంటే జెజె ఎక్కణ్ణుంచి వచ్చాడో చూడాలి.

2010లో మన ఫుట్‌బాల్ సమాఖ్య రెండు పనులు చేసింది. ఒకటి, కుర్రాళ్ళతో ఒక జట్టు కట్టి అప్పట్లో దేశంలో ప్రధాన క్లబ్ పోటీ అయిన ఐ-లీగ్‌లో దింపింది. దాన్నే తర్వాత ఇండియన్ యారోస్ అన్నారు. ఒక్క విదేశీ ఆటగాడు కూడా లేని జట్టు. ఓడినా గెలిచినా ముందు వరసలో ఆడాల్సింది మన పిల్లలే. జెజె అక్కడే తేలాడు. రెండోది, ఆ డిసెంబరులోనే ఐఎంజీ-రిలయన్స్ సంస్థతో 15 ఏళ్ళకి 700 కోట్ల రూపాయల వాణిజ్య హక్కుల ఒప్పందం. అందులోంచే 2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) పుట్టింది. మొదటిదాన్ని 2013లో మూసేశారు, 2017లో మళ్ళీ తెరిచారు, 2022లో మళ్ళీ మూసేశారు. రెండోది 2025 డిసెంబరు దాకా నడిచింది.

ఐఎస్‌ఎల్ మొదలైనప్పుడు మైదానంలో పదకొండు మందిలో ఆరుగురు విదేశీయులు ఉండొచ్చు. 2017-18లో ఐదుగురయ్యారు, 2021-22 నుంచి నలుగురు. అంకె తగ్గింది, నిజమే. కానీ క్లబ్ ఆ నలుగురినీ ఎక్కడ వాడుతుంది? డబ్బు పెట్టి తెచ్చినవాణ్ణి గోల్ దగ్గరే నిలబెడుతుంది. నంబర్ నైన్, అంటే ప్రధాన స్ట్రైకర్, విదేశీయుడు, అతని వెనకాల ఆడే నంబర్ టెన్ విదేశీయుడు. మన కుర్రాడు స్ట్రైకర్‌గా పుట్టినా క్లబ్‌లో వింగ్ మీదకి వెళ్తాడు, లేదంటే బెంచీ మీదకి. 2024-25 దాకా పదకొండు సీజన్లలో ఒక్క భారతీయుడికి కూడా, ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ రాలేదు.

2024-25 సీజన్ చూడండి. నార్త్ఈస్ట్ యునైటెడ్‌కి ఆడిన మొరాకో ఆటగాడు అలాఎద్దీన్ అజారై 23 గోల్స్ కొట్టాడు. భారతీయుల్లో మొదటివాడు 14 గోల్స్‌తో ఛెత్రీ, అంటే 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్ మ్యాచ్ తర్వాత కన్నీళ్ళతో వీడ్కోలు తీసుకున్న మనిషే. తర్వాత 7 గోల్స్‌తో బ్రైసన్ ఫెర్నాండెజ్, స్ట్రైకర్ కాదు. ఆ వెనకే 6 గోల్స్‌తో సుభాశిష్ బోస్, ఇతను లెఫ్ట్ బ్యాక్, అంటే డిఫెండర్. ఈ జాబితా చూశాక కూడా ఛెత్రీని ఎందుకు వెనక్కి పిలిచారని ఎలా అడుగుతాం? వెళ్ళిపోయే నాటికి అతనికి 94 అంతర్జాతీయ గోల్స్. జట్టులో మిగిలినవాళ్ళలో పది గోల్స్ ఉన్నవాడు ఒక్కడూ లేడు. 2025 మార్చిలో పిలవగానే వచ్చాడు, షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 95వది కొట్టాడు. అతని వయసు గురించి మాట్లాడేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ కోపం తగలాల్సింది అతనికి కాదు.

ఇక మనోలో సంగతి. మన హైదరాబాద్ వాళ్ళకి అతను పరాయివాడు కాదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చిన కోచ్. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో ఇలా ఎంతమంది మన కుర్రాళ్ళు అతని చేతుల్లో పెరిగారో లెక్కపెట్టండి. ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, ఒక వింగర్. మరి ఆ జట్టులో ముందు నిలబడి గోల్స్ కొట్టింది? మొదట స్పెయిన్ ఆటగాడు అరిదానె సంతానా, ఆ తర్వాత నైజీరియా ఆటగాడు బార్తొలొమ్యూ ఒగ్బెచే. కప్పు గెలిచిన సీజన్‌లో ఒగ్బెచే 18 గోల్స్. భారత కుర్రాళ్ళని నమ్ముతాడని పేరున్న కోచ్ కూడా ఆ ఒక్క చోట మాత్రం మనవాణ్ణి పెట్టలేదు. క్లబ్ కోచ్‌గా అతని పని గెలవడం. గెలిచాడు. తర్వాత దేశం కోచ్‌గా అదే చోట నిలబెట్టడానికి మనిషి దొరక్క తిప్పలు పడ్డాడు.

థాయ్‌లాండ్ మ్యాచ్‌తో కలిపి అతని కింద భారత్ ఏడు మ్యాచ్‌లు ఆడింది. ఒక గెలుపు, నాలుగు డ్రాలు, రెండు ఓటములు. మొత్తం గోల్స్ ఐదు. అందులో రెండు డిఫెండర్ రాహుల్ భేకేవి. వాటిలో ఒకటి గచ్చిబౌలిలోనే పడింది, 2024 నవంబరు 18న మలేసియా మీద. అంతకు ముందు సెప్టెంబరులో అదే మైదానంలో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. బంతి పెనాల్టీ బాక్స్ దాకా వెళ్ళడం, అక్కడ కాలు పెట్టేవాడు లేక తిరిగి రావడం, హైదరాబాద్ అభిమానులు ఆ మూడు మ్యాచ్‌లలో కళ్ళారా చూశారు. తమ్మసాత్‌లో జరిగిందీ అదే.

కోచ్‌ని పూర్తిగా వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. దేశం జట్టుని పార్ట్‌టైమ్ ఉద్యోగంలా ఇవ్వడం సమాఖ్య చేసిన పొరపాటు, తీసుకోవడం అతని పొరపాటు. 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0 తర్వాత అతనే కోపం దాచుకోలేక బయటపడ్డాడు. అయితే అతనికి ముందు స్టిమాచ్ పూర్తికాలం కోచే కదా? 2024 జనవరి ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ లేదు. 2011 ఆసియా కప్‌లో ఇంతకంటే పెద్ద జట్లతో ఆడి చిత్తుగా ఓడిన రోజుల్లో కూడా మూడు గోల్స్ కొట్టాం. కోచ్‌లు మారుతున్నారు, ఆ చోటు మాత్రం అలాగే ఖాళీగా ఉంది.

క్లబ్‌ల వాదన కూడా ఉంది. మంచి విదేశీ స్ట్రైకర్లతో తలపడితేనే మన డిఫెండర్లు రాటుదేలుతారని, నష్టాల్లో నడిచే క్లబ్‌కి గెలుపే బతుకని వాళ్ళంటారు. థాయ్ లీగ్‌లోనూ విదేశీయులు గోల్స్ కొడుతున్నారు కదా అంటారు. కొడుతున్నారు. కానీ అక్కడి మంచి కుర్రాళ్ళు జపాన్ వెళ్ళి ఆడుతున్నారు. 2017లో చనాతిప్ సొంగ్‌క్రసిన్ సప్పోరో వెళ్ళిన తర్వాత ఆ దారిలో ఇంకొందరు నడిచారు. బుధవారం మొదటి గోల్ కొట్టిన బెన్ డేవిస్ ఇంగ్లండ్‌లో ఫుల్హామ్ అకాడమీలో ఆట నేర్చుకున్నవాడు. మన కుర్రాడికి ఇక్కడ చోటు లేదు, అక్కడికి దారి లేదు.

ఫ్రెండ్లీ ఓటమికి ఇంత రాద్ధాంతమా అని అడిగేవాళ్ళు 2018 నవంబరుని గుర్తు చేశారు. అమ్మాన్‌లో జోర్డాన్ చేతిలో 1-2తో ఓడాం, వాళ్ళ గోల్‌కీపర్ తన బాక్స్‌లోంచి కొట్టిన బంతి మన గోల్‌లో పడింది కూడా. ఏడు వారాలకే థాయ్‌లాండ్ మీద నాలుగు కొట్టాం. నిజమే. సన్నాహక మ్యాచ్ ఫలితం దేనికీ కొలత కాకపోవచ్చు. అయితే ఆ ఏడు వారాల తర్వాత దిగిన జట్టులో ఛెత్రీ వయసు 34, బెంచీ మీద జెజె ఉన్నాడు.

పిల్లలే లేరంటే నేను ఒప్పుకోను. 2024 డిసెంబరు 31న గచ్చిబౌలిలోనే రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. కేరళ మీద ఇంజురీ టైమ్‌లో గోల్ కొట్టి బెంగాల్‌కి కప్పు తెచ్చిన రోబి హన్స్‌దా, ఆ టోర్నీలో 12 గోల్స్ కొట్టాడు. కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్‌లో కశ్మీర్ కుర్రాడు సుహైల్ భట్ ఉన్నాడు, 2025లో ఇరవై ఏళ్ళవాడు. 2024-25 లీగ్ సీజన్ అంతా అతని కంటే ముందు మెక్‌లారెన్, పెట్రాటోస్, కమింగ్స్ అనే ముగ్గురు ఆస్ట్రేలియా ఆటగాళ్ళు. 2025 ఏప్రిల్‌లో క్లబ్‌ల మధ్య జరిగే సూపర్ కప్ వచ్చేసరికి, లీగ్ గెలిచిన ఆ క్లబ్ ఈ ముగ్గురికీ విశ్రాంతి ఇచ్చి ఎక్కువగా మన కుర్రాళ్ళనే పంపింది. ఏప్రిల్ 26న కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో ఓడించింది ఆ కుర్రాళ్ళ జట్టే. రెండు గోల్స్‌లో ఒకటి సహల్‌ది, రెండోది సుహైల్‌ది.

ఆ ఒక్క నెల ఆటతోనే సుహైల్ ఆ జూన్ మ్యాచ్‌ల జాతీయ శిబిరానికి చేరాడు. 15 ఏళ్ళ ఒప్పందం 2025 డిసెంబరులో ముగిసింది. కొత్త ఒప్పందం ఎవరు రాసినా, ఎవరితో రాసినా, మైదానంలో ఎంతమంది విదేశీయులు ఉండాలన్న గీత అందులో మళ్ళీ గీయాల్సిందే. 2025 జూన్‌లో ఆ మంగళవారం హాంకాంగ్‌లో ముందు వరసలో ఎవరు దిగాలన్న ప్రశ్న ఛెత్రీకీ, అతని వయసులో సగం ఉన్న ఆ కుర్రాడికీ మధ్య నిలిచింది.