నీటిని కప్పుకున్న మందు

"కీమోథెరపీ మొదటి విడత తరువాత మా అమ్మకు రోజూ ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, రెండో విడతకు పేరు ముందు 'పెగ్' అని ఉన్న ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చారు. మందు తగ్గించినట్లేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. తగ్గించలేదు. ఫిల్‌గ్రాస్టిమ్ అనే పాత ప్రోటీన్‌కే పాలీఇథిలీన్ గ్లైకాల్ ('పెగ్' దీని పొట్టి పేరే) అనే పొడవైన అణువుల గొలుసును అతికించగా వచ్చినదే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్. ఎముక మజ్జ చేత న్యూట్రోఫిల్ కణాలను (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలను) త్వరగా తయారు చేయించడమే రెండింటి పని.

ఫిల్‌గ్రాస్టిమ్ అణుభారం దాదాపు 19 వేల డాల్టన్లే (అణువుల బరువును కొలిచే ప్రమాణం డాల్టన్) కనుక మూత్రపిండాలు దానిని తేలికగా వడకట్టేస్తాయి. రక్తంలో దాని పరిమాణం సుమారు మూడున్నర గంటల్లో సగమవుతుంది. అతికించిన గొలుసు బరువు 20 వేల డాల్టన్లు. అయితే కిటుకు బరువులో కంటే నీటిలోనే ఎక్కువగా ఉంది. ఆ గొలుసులో దాదాపు 450 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి, ఒక్కొక్కటి రెండు మూడు నీటి అణువులను పట్టి ఉంచుతుంది. సబ్జా గింజలను చూడండి: పొడిగా ఉన్నప్పుడు జల్లెడ కంతలోంచి జారిపోయే గింజ, నానబెడితే చుట్టూ జిగురు పొర పట్టి ఆ కంతలోనే ఆగిపోతుంది. గింజ పెరగలేదు, అది పట్టుకున్న నీరు పెరిగింది. మూత్రపిండాల జల్లెడ దగ్గర జరిగేదీ ఇదే; పైగా ప్రోటీన్లను కోసే ఎంజైములకు కూడా ఆ నీటి పొర అడ్డు పడుతుంది.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. సబ్జాకు పొర అన్ని వైపులా ఉంటుంది. మందుకు అలా ఉంటే కణం మీది గ్రాహకానికి, అంటే మందు వచ్చి అతుక్కునే చోటుకు, అది అందదు. అందుకే ఆమ్ల మాధ్యమంలో, ప్రోటీన్‌లోని లైసీన్ అనే అమైనో ఆమ్లాల అమైన్లు (గొలుసు అతుక్కోగల నైట్రోజన్ కొసలు) ప్రోటాన్లను పట్టుకుని నిష్క్రియంగా ఉన్నప్పుడు, ప్రోటీన్ మొదటి కొసన ఉన్న ఒక్క అమైన్‌కే గొలుసును కలుపుతారు. ఈ విద్యకు 1970లలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ డేవిస్ బృందం పునాది వేసింది; అమెరికాలో ఇలాంటి మొదటి మందుకు 1990లో అనుమతి లభించింది.

మూత్రపిండాల దారి మూసుకుపోయాక మందును తొలగించేది ఎవరు? న్యూట్రోఫిల్ కణాలే. గ్రాహకం ద్వారా మందును లోపలికి తీసుకుని అవే కరిగిస్తాయి. కణాలు తక్కువగా ఉన్నన్నాళ్లూ మందు నిలుస్తుంది, అవి పెరిగేకొద్దీ తరుగుతుంది. ఈ ఏర్పాటు గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

ఈ ఇంజెక్షన్ తీసుకున్న రోజుల్లో ఎముకలు నొప్పి పెడితే "వేడి చేసింది" అని ఇంట్లో సరిపెట్టుకుంటారు. మజ్జ చురుకుగా పనిచేస్తున్నప్పుడు ఈ నొప్పి మామూలే, అయినా వైద్యులకు చెప్పాలి. ఎడమ డొక్కలోనో ఎడమ భుజంలోనో నొప్పి వస్తే మాత్రం ప్లీహం (స్ప్లీన్, పొట్టలో ఎడమ వైపు ఉండే అవయవం) సంగతి చూడాలి కనుక, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.